మూఢంలో అంటు

రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయని సామెత. రోళ్ళ సంగతేమోగానీ ఆ ఎండకి మనుషుల బుర్రలు పగలడం మాత్రం ఖాయం. భీమడోలులో కుక్కలు కూడా తూముల్లో దూరి పడుకున్న మిట్టమధ్యాహ్నం, వెంకటనరసమ్మగారు మేడ మీద ఆకుపచ్చ పట్టా పందిరి కింద పీట వేసుకుని, ఒళ్ళో ఒక రావిచెట్టుని పెట్టుకుని, దాని వేళ్ళు దువ్వుతున్నారు.

దువ్వడమంటే దువ్వడమే. చేతిలో మూడు పళ్ళ ఇనప కొక్కెం ఉంది. దాంతో వేళ్ళ మధ్య మట్టి రాలుస్తూ, చిక్కులు విడదీస్తూ, పొడుగు వేళ్ళని కత్తిరిస్తూ, మధ్యమధ్యలో "అయిపోయిందమ్మా, ఇంకొక్క నిమిషం" అని సముదాయిస్తున్నారు. బోన్సాయ్ చెట్టు, ఎత్తు జానెడు. మొదలు మాత్రం ముసలాయన మోకాలిలా ముడతలు పడి ఉంది.

ఇటుక ముక్కల బస్తా మోసుకుంటూ మెట్లెక్కిన జగ్గయ్య, దాన్ని దించడం మర్చిపోయి అలాగే నిలబడిపోయాడు.

"ఏవయ్యా, ఆ బస్తాని నీ భుజానికి అంటు కట్టారా? దించు," అన్నారావిడ తలెత్తకుండానే.

జగ్గయ్యది కొల్లేటికోట. యాభయ్యేళ్ళు వచ్చేదాకా అతను చెరువుల మీద బతికాడు. ఆ తర్వాత చెరువే అతన్ని తినడం మొదలెట్టింది గనక దాన్ని వదిలేసి, ఏలూరొచ్చి అద్దె ఇంట్లో దిగి, ట్రాలీ ఆటో తోలుకుంటున్నాడు. చేపల మేత, ఇటుకలు, ఎవరి పెళ్ళికో కుర్చీలు, ఏది దొరికితే అది మోస్తాడు. లోకం మీద అతనికి పెద్ద మంచి అభిప్రాయమేం లేదు. ఎవరైనా ఒక పని బాగా చేస్తారని నలుగురూ చెబితే, ఆ నలుగురికీ ఆ పని తెలియదని అతని నమ్మకం. చాలాసార్లు ఆ నమ్మకమే నిజమైంది కూడా.

కానీ చేతుల సంగతి అతనికి తెలుసు. చిన్నప్పుడు వాళ్ళ మేనత్త వల అల్లుతుంటే పక్కన కూర్చుని చూసేవాడు. కళ్ళు ఎటో ఉండేవి, నోరు ఎవరినో తిడుతుండేది, వేళ్ళు మాత్రం కన్ను తర్వాత కన్ను పేర్చుకుంటూ పోయేవి. అలాంటి చేతులు మళ్ళీ చూడలేదు. ఆ మధ్యాహ్నం భీమడోలు మేడ మీద చూశాడు.

అందుకే అడిగాడు. ఇంత ఎండలో వేళ్ళు కోస్తే చెట్టు చచ్చిపోదా అని. ఆవిడ అడిగినదానికే జవాబు చెప్పి ఊరుకునే మనిషి కాదు. రావి, జువ్వి, మర్రి, ఈ జాతి అంతా ఎండ జాతి అన్నారు. ఎండలోనే వీటి ఒంట్లో పాలు పొంగుతాయి. కోసిన చోట పాలొచ్చి మూసేస్తాయి, వెనకాలే కొత్త వేరు తన్నుకొస్తుంది. చలికాలంలో ఇదే చెట్టు ముడుచుకుని పడుకుంటుంది. పడుకున్నవాడి కాళ్ళు కోస్తే లేచి నడుస్తాడా? అందుకని కుండీ మార్చినా, అంటు కట్టినా రోహిణి నుంచి మృగశిర వెళ్ళేలోపే. పక్క పొలాల్లో నారుమళ్ళు పోసే రోజులే ఆవిడకీ పని రోజులు. ఇవన్నీ ఎవరు నేర్పారండీ అంటే, ఎవరూ నేర్పలేదు, మొదటి మొక్కని పుష్యమాసంలో కుండీ మార్చి చంపానన్నారు. అప్పుడు ఏడుపు రాలేదట, ఒళ్ళు మండిందట. ఆ మంట ఇప్పటికీ చల్లారలేదని ఆవిడని చూస్తే తెలుస్తూనే ఉంది.

ఆవిడ దేవతేం కాదు. చూడ్డానికి వచ్చినవాళ్ళకి చెట్టు వయసు పదేళ్ళు కలిపి చెబుతారు. అడిగినా ఒక కొమ్మ ముక్క ఎవరికీ ఇవ్వరు. కింద వరండాలో పేపరు చదువుకునే భర్తగారికి కాఫీ ఆలస్యమవుతుందిగానీ, మేడ మీద చెట్లకి నీళ్ళు ఆలస్యం కావు. అయినా ఆ రోజు నుంచి భీమడోలు వైపు కిరాయి దొరికితే జగ్గయ్య ఇంకో కిరాయి వదులుకునైనా వెళ్ళేవాడు.

ఎండాకాలం కాలవలు కట్టేస్తారు. గోదావరి నీళ్ళు ఆపి, కాలవలు ఎండగట్టి, లాకులూ తూములూ బాగుచేస్తారు. అంటే బాగుచేశామని ఫొటోలు దిగుతారు. ఆ యేడు దారిలో ఒక పాత లాకు గోడకి సిమెంటు పూస్తున్నారు. గోడ రాళ్ళ మధ్య నుంచి ఒక జువ్వి మొలిచి ఉంది. ఏ కాకి వేసిన విత్తనమో, తిండికి మట్టి లేక, పెరగడానికి చోటు లేక, ఏళ్ళ తరబడి ఉన్నచోటే లావెక్కింది. మనిషి మోకాలంత మొదలు, నడుమెత్తు చెట్టు. వేళ్ళు రాళ్ళ సందుల్లో వలలా అల్లుకుపోయాయి. సాయంత్రానికి దాని మొదట్లో యాసిడ్ పోసేస్తామని పనివాళ్ళు చెప్పారు.

జగ్గయ్య ఆటో వెనక్కి తిప్పాడు. వెంకటనరసమ్మగారు కట్టుకున్న చీరతోనే వచ్చి, అతని పక్కన ఇరుక్కుని, ఊరేగింపులో అమ్మవారిలా నిటారుగా కూర్చున్నారు.

లాకు దగ్గర ఆవిడ ఎవరినీ గట్టిగా ఒక్కమాట అనలేదు. "ఏవండీ మేస్త్రిగారూ, పాపం పొద్దుట్నుంచీ ఎండలో ఉన్నారు, అలా నీడకెళ్ళి టీ తాగండి" అన్నారు. మేస్త్రి వెళ్ళాడు. ఆయన తిరిగొచ్చేసరికి గోడలో నాలుగు రాళ్ళు లేవు. ముందు రాయి కొట్టు, తర్వాత వేరు చూడు, అని ఆవిడ చెబుతుంటే జగ్గయ్య ఉలి పట్టుకుని ఒక్కో రాయీ ఊడదీశాడు. చెట్టు చేతిలోకి వచ్చాక చూస్తే దాని ఒక పక్కంతా చెక్కలా చదునుగా ఉంది. గోడకి ఆనుకుని బతికిన పక్క అది. రెండో పక్క కొమ్మలూ రెమ్మలూ గుబురుగా ఉంటే, ఈ పక్క ఒక్క రెమ్మ లేదు.

"సగం చెట్టేనండీ ఇది," అన్నాడు జగ్గయ్య నిరాశగా.

"మిగతా సగం మనం పెడదాం," అన్నారావిడ.

అతని దగ్గరున్న నీలం రంగు చేపల ట్రేలో ఇటుక ముక్కలు, కాలిన ఊక, ఇసక కలిపి చెట్టుని నాటారు. చూసింది నువ్వు గనక చెట్టు నీదేనని ఆవిడ తేల్చేశారు. నా మేడ మీద చోటు లేదు, నీ వాకిట్లోనే పెంచుకో, తప్పు చేస్తే తిట్టడానికి నేనున్నాను అన్నారు. గుబురుగా ఉన్న పక్కనుంచి ఒక్క కొమ్మని ఎంచి, దానికి కత్తెర తగలనివ్వొద్దన్నారు. అది కొరడాలా సాగాలి. వచ్చే రోహిణికి చెట్టు మొదలుకి ఈ పక్కనుంచి ఆ పక్కకి కన్నం వేసి, ఆ కొమ్మని కన్నంలోంచి దూర్చి, ఖాళీగా ఉన్న పక్క బయటికి తీస్తారట. కన్నంలోనే కొమ్మా మానూ ఒరుసుకుని, లావెక్కి, ఒకదానికొకటి అంటుకుపోతాయట. అప్పుడు వెనక భాగం కోసేస్తే ముందు భాగం ఆ పక్కనే పుట్టిన కొమ్మలా ఉండిపోతుందట.

వింటుంటే కట్టుకథలా ఉంది. చెప్పింది ఇంకెవరైనా అయితే జగ్గయ్య నవ్వి ఊరుకునేవాడే.

చెట్టు బతికింది. వర్షాలకి చిగుళ్ళు వేసింది, చలికి కాస్త ముడుచుకుంది, మాఘమాసం దాటాక మళ్ళీ లేచింది. జగ్గయ్య పొద్దున్నే లేవగానే వాకిట్లోకి వెళ్ళి దాన్ని చూసుకుని గానీ మొహం కడిగేవాడు కాదు. అతని భార్య దేవి, "పెళ్ళైన కొత్తలో నన్నిలా చూసుంటే నేను కూడా చిగుళ్ళేసేదాన్ని" అనేది. ఆమె హాస్యానికి అన్నా ఆమెకీ తెలుసు. చెరువు పోయాక మొగుడి చేతిలో బతికి బట్టకట్టిన ప్రాణం అదొక్కటే. అది కూడా పోతే ఆ మనిషి మళ్ళీ దేని మీదా చెయ్యి వెయ్యడు.

రెండో ఎండాకాలం వచ్చింది. వదిలేసిన కొమ్మ పెన్సిలంత లావున, ఎటు వంచితే అటు వంగేలా సాగింది. రోహిణి రాగానే చెట్టు తీసుకురమ్మని భీమడోలు నుంచి ఫోనొచ్చింది. జగ్గయ్య ఆటో టైరు పోయిందన్నాడు. రెండోసారి ఫోనొస్తే కిరాయిలున్నాయన్నాడు. మూడోసారి ఎత్తలేదు.

నాలుగోసారి ఆవిడే వచ్చారు. బస్సు దిగి, నెత్తిన కొంగేసుకుని, ఏలూరు ఎండలో నడిచొచ్చి, వాకిట్లో చెట్టు ముందు నిలబడ్డారు. దేవి పరుగున కుర్చీ తెచ్చి వేసింది. ఆవిడ కూర్చోకుండా చెట్టు చుట్టూ తిరిగి చూశారు.

"చెట్టు నిక్షేపంలా ఉంది. జబ్బు నీకే చేసింది. ఏంటి సంగతి?"

జగ్గయ్య నసిగాడు. "మూఢం కదండీ అమ్మగారూ."

ఆ యేడు శుక్రమూఢం వేసవంతా పట్టుకుంది. శుక్రుడు సూర్యుడి వెనక దాక్కున్నన్నాళ్ళూ మన దగ్గర పెళ్ళి ఉండదు, గృహప్రవేశం ఉండదు, సన్నాయి వాయించేవాళ్ళకి తిండి ఉండదు.

"అయితే?"

"అంటు కట్టడమంటే కలపడమే కదండీ. రావికీ వేపకీ పెళ్ళిళ్ళు చేస్తారు, మరి ఇదీ అలాంటిదే. మూఢంలో ఎలా చేస్తామండీ? శ్రావణం రానిద్దామండి."

లోపల్నుంచి దేవి కిసుక్కున నవ్వింది. వెంకటనరసమ్మగారు మాత్రం నవ్వలేదు. ఆవిడకీ మూఢం పట్టింపే. మనవరాలి నిశ్చితార్థాన్ని ఇదే మూఢం పేరు చెప్పి వాయిదా వేయించిన మనిషి. అందుకని తగువు తీర్చే పెద్దమనిషిలా అప్పుడు కుర్చీలో కూర్చున్నారు.

"ఏ కొమ్మని ఏ చెట్టుకి కడుతున్నాం?"

"దాని కొమ్మని దానికేనండి."

"అంటే ఇంటిపేరొకటే, గోత్రమొకటే. సగోత్రీకులకి పెళ్ళి ఎవడు చేస్తాడయ్యా, మూఢమున్నా లేకపోయినా? కాబట్టి ఇది పెళ్ళి కాదు. జడలోంచి జారిన పాయని మళ్ళీ జడలో దోపడం. జడ వేసుకోడానికి ముహూర్తం పెట్టించుకున్నవాళ్ళని నేనెక్కడా చూళ్ళేదు."

జగ్గయ్య అంతటితో వదల్లేదు. మరి ఈ మూఢంలోనే మీ మేడ మీద కుండీలు మారుస్తున్నారట, కొత్తింట్లోకి పంపడం గృహప్రవేశం కాదాండీ అన్నాడు. దానికీ ఆవిడ దగ్గర జవాబుంది. నారు తీసి పొలంలో నాటితే గృహప్రవేశమా? మూఢమొచ్చిందని నాట్లు ఆపిన రైతుని ఒక్కణ్ణి చూపించమన్నారు.

"వరికి ఆపరండి," అన్నాడు జగ్గయ్య. "చేపపిల్లకి ఆపాలండి."

ఆ మాట అన్నాక అతను తలొంచుకున్నాడు. ఆవిడ మెల్లిగా, ఒక్కో మాటా బయటికి లాగితే తప్ప రాని మనిషి దగ్గర్నుంచి, సంగతంతా రాబట్టారు. వాటాకి చెరువు తీసుకున్న యేడు, పిల్లలు పెరిగే చిన్న చెరువులోంచి పెద్ద చెరువులోకి చేపల్ని మార్చింది మూఢంలోనే. ఊళ్ళో ముసలాళ్ళు వద్దన్నారు, వినలేదు. ఆ వారంలోనే గాలివాన కొట్టి స్తంభాలు పడ్డాయి. కరెంటు లేదు, నీళ్ళకి గాలి కొట్టే మిషన్లు ఆగిపోయాయి. జనరేటరు మొరాయించింది. గాలివాన వెళ్ళాక ఆకు కదల్లేదు, మబ్బు వీడలేదు. చేపలు నీళ్ళ మీదికొచ్చి నోళ్ళు తెరుచుకుని ఊపిరి కోసం కొట్టుకున్నాయి. జగ్గయ్య మెడలోతు నీళ్ళలోకి దిగి చేతులతో నీళ్ళు చిలికాడు. ఎంత చెరువుని ఎన్ని చేతులు చిలకగలవు? తెల్లారేసరికి చెరువంతా తెల్లగా అయిపోయింది.

"కరెంటు పోతే పోయాయి కదయ్యా. మధ్యలో శుక్రుడేం చేశాడు?" అన్నారావిడ, ఈసారి మెత్తగా.

జగ్గయ్య బదులు గుమ్మంలోంచి దేవి అంది, "తిట్టుకోడానికి ఎవరూ దొరక్క శుక్రుణ్ణి పట్టుకున్నాడండీ. శుక్రుడైతే తిరిగి ఏమీ అనడు కదా."

వెంకటనరసమ్మగారు మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి లేచారు. గాజులకి తగిలించుకున్న పిన్నీసు తీసి చెట్టు మొదట్లో చటుక్కున గుచ్చారు. పిన్నీసు ఇంకా బయటికి రాకముందే తెల్లటి పాల బొట్టు ఉబికి, ముత్యమంతై, నిలవలేక బెరడు మీదుగా జారిపోయింది. దాని వెనకే ఇంకోటి. ముట్టుకుని చూడమన్నారు. జగ్గయ్య వేలికి జిగురుగా, వెచ్చగా తగిలింది.

"పుష్యమాసంలో మా మేడ మీద రావిని నీ చేతే గుచ్చించాను. ఏమొచ్చింది?"

"తడి తగిలిందండి. అంతే."

"నీ శ్రావణానికి ముసురు పడుతుంది, కన్నం చుట్టూ బూజు కడుతుంది. ఆ తర్వాత చెట్టు జోరు తగ్గుతుంది. కన్నం పూడాలంటే మాను ఉబ్బాలి, మాను ఉబ్బేది ఇప్పుడు. అంతకంటే నాకు తెలియదు. చెట్టు నీది. వద్దంటే ఇప్పుడే బస్సెక్కి పోతాను, నీ మీద నాకే కోపమూ ఉండదు."

కోపముండదన్న మాట ఎంత నిజమో అక్కడున్న ముగ్గురికీ తెలుసు. కానీ జగ్గయ్యని కదిపింది అది కాదు. అతను చెట్టునే చూస్తున్నాడు. గుచ్చిన చోట అప్పుడే పాలు గడ్డకట్టి మూసుకుపోతోంది. ఎవరూ ఏమీ చెయ్యకుండానే, ఎవరి ముహూర్తమూ అడక్కుండానే, చెట్టు తన గాయం తనే మాన్పుకునే పనిలో పడింది. చేపల దగ్గర అతనికి ఆ తోడు లేదు. అక్కడ అంతా అతని ఒక్కడి చేతుల మీదే పడింది. ఇక్కడ చెట్టు కూడా ఒక చెయ్యి వేస్తోంది.

"పక్కింటి వడ్రంగి దగ్గర డ్రిల్లింగ్ మిషనుందండి," అన్నాడు. "పట్రానా?"

మిషను వచ్చాక ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. చెట్టు నీది, కన్నం నువ్వే వెయ్యాలన్నారు. కొమ్మ ఎక్కడ బయటికొస్తే అందమో చూసి, చదును పక్కన ఒక చోట వేలు పెట్టారు. గుర్తు కోసం దేవిని కుంకం అడిగి, తడి వేలితో అక్కడ చిన్న బొట్టు పెట్టారు. అది చూసి జగ్గయ్య ఏదో అనబోయాడు. "గుర్తు కనబడాలి కదా, అందుకు," అన్నారావిడ కటువుగా. ఆ బొట్టు చూశాక అతను ఇంకేం ఆలోచించకుండా మిషను అందుకున్నాడు.

కన్నం వేశాడు. మిషను మొన మీద పాలూ పొట్టూ కలిసి ముద్దలా వచ్చాయి. కొమ్మ ఆకులన్నీ మొగ్గలు ఉంచి దూసేశాడు. అక్కడినుంచి ఆవిడ అందుకున్నారు. అసలు పని అదే. ఆకులు దూసిన కొమ్మకి మిగిలినవి మొగ్గలు, బియ్యపు గింజంత మొగ్గలు, తగిలితే రాలిపోయేవి. అంత కొమ్మనీ వెనక నుంచి కన్నంలో దూర్చి, బలవంతం చెయ్యకుండా, కొంచెం తిప్పుతూ, కొంచెం ఆగుతూ, పాములవాడు పాముని బుట్టలోకి పంపినట్టు పంపారు. వేళ్ళతో నెట్టడం కూడా కాదది. కొమ్మ తనంతట తనే వెళుతుంటే ఆవిడ దారి చూపిస్తున్నట్టుంది. చదును పక్క కుంకం బొట్టులోంచి కొమ్మ కొన బయటికొచ్చింది. ఒక్క మొగ్గ రాలలేదు. బయటికొచ్చే చోట కొమ్మ బెరడు గోటితో కొంచెం గీరి, మానుకి ఆనించి, సన్నటి పుల్ల బిగించి, పసుపు కలిపిన కొవ్వొత్తి మైనం పూశారు. డెబ్బయ్యేళ్ళ మనిషి, వచ్చేటప్పుడు మెట్టు ఎక్కడానికి గోడ పట్టుకున్న మనిషి. ఆ కాసేపూ ఆ వేళ్ళకి వయసు లేదు. తిట్టడానికి ఏ వంకా దొరకని పనిని చూసి చాలా ఏళ్ళయింది జగ్గయ్యకి.

ఆ ఊపులో, ఎలాగూ రోహిణే గనక పళ్ళెంలాంటి బోన్సాయ్ కుండీలోకి ఇవాళే మార్చేద్దామన్నాడు. ఆవిడ గుడ్లురిమారు. పొట్ట కోసి కుట్లేసినవాడి చేత అదే రోజు ఇల్లు మార్పిస్తావా అన్నారు. అంటు అతికేదాకా వేళ్ళ జోలికి పోకూడదు. వేళ్ళకి బలముంటేనే మాను ఉబ్బేది. కుండీ మార్చడం వచ్చే రోహిణికి.

తర్వాత ఎదురుచూడ్డమే మిగిలింది. అన్నిటికంటే చెడ్డపని అది. కన్నం దాటి బయటికొచ్చిన కొమ్మ ముక్క ఎండుపుల్లలా నిలబడింది. మృగశిర వచ్చింది, చినుకు రాలేదు. చెట్టంతా పచ్చగా ఉంది, ఆ ముక్క మాత్రం గోధుమరంగుకి తిరిగింది. జగ్గయ్య భీమడోలు వెళ్ళినా ఆ మాట ఎత్తలేదు. ఇంట్లో మాత్రం శుక్రుడి పేరు మళ్ళీ వినబడింది. దేవి, "ఆయన ఇంకా బయటికి రాలేదు, వచ్చాక అడుగుదువుగాని, ముందు అన్నం తిను" అనేది.

ఆరుద్రలో రెండు వానలు పడ్డాక ఒక ఉదయం ఆ ఎండుపుల్ల కొసన ఎర్రటి మొన కనబడింది. కొత్త ఆకుని చుట్టుకున్న తొడుగు. జగ్గయ్య దేవిని కేకేసి చూపించి, తనకి కళ్ళు సరిగ్గా కనబడుతున్నాయో లేదో చెప్పమన్నాడు. వర్షాకాలం గడిచేసరికి ఆ పక్క గుప్పెడు ఆకులొచ్చాయి.

ఆకులొచ్చాయంటే అతికినట్టు కాదు. వెనకనుంచి కొమ్మ ఇంకా నీళ్ళు తాగుతూనే ఉంది కదా. వెనక భాగం కోస్తేగానీ నిజం తెలియదు. చలి మొదలవక ముందే, కార్తీకం మంచు రాకముందే కొయ్యాలని ఆవిడ ముందే చెప్పారు. తొందరపడితే పచ్చి కొమ్మ ఎండిపోతుంది, తాత్సారం చేస్తే చలికి కోత మానదు. కొయ్యాల్సిన రోజులకి ఆవిడ కంటి ఆపరేషను చేయించుకుని తాడేపల్లిగూడెంలో కూతురింట్లో ఉన్నారు. దుమ్ము తగలకూడదు, వంగకూడదు, మొక్కల మాట ఎత్తకూడదు.

దసరా వెళ్ళాక ఒక సోమవారం జగ్గయ్య చెట్టుని ట్రేతో సహా ఆటోలో పెట్టుకుని, గోనె కప్పి, తాడేపల్లిగూడెం వెళ్ళాడు. కూతురు గుమ్మంలోనే, మట్టి లోపలికి తేవద్దండీ అంది. వెంకటనరసమ్మగారు నల్లకళ్ళద్దాలతో వరండాలోకి వచ్చి కూర్చున్నారు. ఇవాళే ఎందుకొచ్చావని అడిగారు. ఇటువైపు కిరాయి తగిలిందండీ అన్నాడు.

"రేపు మంగళవారం అని కాదూ?"

జగ్గయ్య చెట్టు మీద గోనె తియ్యడంలో పడ్డాడు. పొద్దున్న రాహుకాలం వెళ్ళేదాకా ఇంటి దగ్గర ఆగి మరీ బయల్దేరాడన్నది ఆవిడకి తెలియనక్కర్లేదు.

ఆవిడకింకా చూపు కుదురుకోలేదు. చెయ్యి చాపితే అతను చెట్టుని దగ్గరికి జరిపాడు. ఒక చేతి వేళ్ళతో వెనక దూరిన చోట, ఇంకో చేతి వేళ్ళతో ముందు బయటికొచ్చిన చోట కొమ్మని పట్టుకున్నారు. బియ్యంలో రాళ్ళు ఏరేటప్పటిలా వేళ్ళ మధ్య మెల్లగా నలిపారు. రెండు చేతులూ ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటున్నట్టు అటూ ఇటూ కదిలాయి. చేతులు ఎంత మాట్లాడుకుంటున్నా ఆ మొహంలో ఏదీ కదల్లేదు.

"వెనక సన్నం. ముందు లావు," అన్నారు చివరికి. "ముందు భాగం వెనక మీద ఆధారపడితే అంత లావెక్కదు. మాను నుంచి తింటోంది. కొయ్యి."

"మీరొక్కసారి చూపు కుదిరాక చూసి..."

"చూపుతో చూసేది కాదయ్యా ఇది. కొయ్యి."

కత్తి పెట్టి మానుకి సమంగా కోశాడు. కోసిన ముక్కనుంచి పాలు బొటబొటా కారాయి. అతను ముందు పక్క ఆకుల్ని చూశాడు. ఆకులు ఎప్పట్లాగే ఉన్నాయి. ఇప్పుడేం తెలుస్తుంది, ఎండ కాయనీ అన్నారావిడ. కూతురు కాఫీ ఇచ్చింది. అది ఎలా ఉందో జగ్గయ్యకి గుర్తులేదు.

మర్నాడు మధ్యాహ్నానికి ఆకులు వేలాడిపోయాయి. అన్నీ కాదు, ఆ పక్క గుప్పెడూ. అతను ఆటో తియ్యలేదు. వాకిట్లో చెట్టు పక్కన కూర్చుని గొడుగు పట్టుకున్నాడు. దారిన పోయేవాళ్ళు చూసి నవ్వారు. దేవి నవ్వలేదు. బిందెతో నీళ్ళు తెచ్చి చెట్టు చుట్టూ నేల తడిపి, గొడుగు ఆమె అందుకుని, వెళ్ళి రెండు ముద్దలు తినిరమ్మంది. అతను చెరువు గట్టున కూర్చున్న ఆ తెల్లవారుజామున కూడా ఆమె అలాగే పక్కన నిలబడింది. అప్పుడు చెయ్యడానికి ఏమీ లేకపోయింది.

ఆ మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వాలాయిగానీ కాస్త తక్కువ. సాయంత్రానికి లేచాయి. ఆ తర్వాతి రోజు మంచి ఎండ. ఉప్పుటేరు వైపు నుంచి గాలి కూడా లేదు. జగ్గయ్య గొడుగు ముడిచి గోడకి ఆనించి, దూరంగా అరుగు మీద కూర్చుని చూశాడు. ఎండ నడినెత్తికొచ్చింది. గుప్పెడు ఆకులూ వెనక పక్క ఆకుల్లాగే మెరుస్తూ, బల్లపరుపుగా, ఎండని మింగుతూ నిలబడ్డాయి. ఆ పక్కే పుట్టి, ఆ పక్కే పెరిగినట్టు.

తాడేపల్లిగూడెం ఫోను చేశాడు. చెబుదామనుకున్నవి చాలా ఉన్నాయి. "నిలబడ్డాయండి అమ్మగారూ" అన్నది ఒక్కటే వచ్చింది.

"నిలబడక ఏం చేస్తాయి," అన్నారావిడ. "కోసిన చోట మైనం పూశావా?"

పూయలేదు. ఆకుల ధ్యాసలో అది మర్చేపోయాడు. ఆవిడకి ఆ మాట చెప్పక తప్పలేదు. అక్కడినుంచి తిట్లు మొదలయ్యాయి, తెరిపి లేకుండా, ఆవిడకి అసలు ఆపరేషనే కానట్టు. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, ఒక్క తిట్టూ జారిపోకుండా వింటూ, జగ్గయ్య వంటింట్లో కొవ్వొత్తి కోసం డబ్బాలు తియ్యడం మొదలెట్టాడు.